ఇత్తడి పూస

ఆ ఏడు కువైట్ నుంచి మా కోనసీమవాళ్ళంతా విమానంలో వచ్చారు. మా ఆయన ఒక్కరే విమానాన్ని చంకలో పెట్టుకుని వచ్చారు.

నవ్వులాటకి అనడం లేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తొంభయ్యో సంవత్సరం శ్రావణమాసంలో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. మా ఆయన శివశంకర్ అక్కడ విమానాల కంపెనీలో పనిచేసే ఒక ఇంజనీరుగారింట్లో డ్రైవరు. మనిషి బతికున్నారో లేదో తెలియదు. ఆ ఏడు వరలక్ష్మీవ్రతం రేడియో పక్కన కూర్చుని చేశాను, ఒక చెవి వార్తల మీద వేసి. చివరికి మహాలయ పక్షాల్లో కబురొచ్చింది, బొంబాయిలో దిగారని. ఇంటిల్లిపాదీ కొత్తపేట బస్టాండుకి వెళ్ళాం. గడ్డం మాసిపోయి, ఒక కాలికి ఒక రకం చెప్పు, ఇంకో కాలికి ఇంకో రకం చెప్పు వేసుకుని ఆయన బస్సు దిగారు. చంకలో ఒక అట్టపెట్టె ఉంది. మిగతా సామానేదండీ అంటే, ఇంతే అన్నారు.

మా లావణ్యకి అప్పుడు నాలుగేళ్ళు. అది పుట్టాక ఆయన ఊరికి వచ్చింది ఒక్కసారే. తండ్రిని ఎగాదిగా చూసి, "ఎవరండీ మీరు?" అని అడిగింది. అదీ ఎంత మర్యాదగా! బస్టాండులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆయనా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇంట్లో మేం ముగ్గురం కాక మా అత్తగారు వీరాయమ్మగారు, బావగారు వీరవెంకటరమణగారు, తోడికోడలు అనురాధక్క ఉండేవారు. ఆ వేసవి తుఫానుకి మా కొబ్బరిచెట్లు చాలావరకు పడిపోయాయి. ఇల్లు గడవడానికి ఆయన పంపేదే ఆధారం. అందుకే ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కోనివ్వకుండా బావగారు ఆ పెట్టె చుట్టూ తిరిగారు. అత్తగారు కూడా కుర్చీ దగ్గరగా జరుపుకున్నారు. ఆయన నెమ్మదిగా తాడు విప్పి మూత తీశారు.

లోపల తెల్లటి ప్లాస్టిక్ ముక్కలు. వాటి కింద ఒక కాగితం మడతలో పోస్టుకార్డంత పసుపుపచ్చటి రేకు. చాలా పల్చన. దాని నిండా చీమల్లాంటి చిన్న చిన్న ముక్కలు గీసి ఉన్నాయి.

"ఏవిట్రా ఇది?" అన్నారు బావగారు.

"విమానం అన్నయ్యా. బొమ్మ విమానం. ముక్కలు అతికించి కట్టుకోవాలి."

"ఎవరు కడతారు?"

"నేనే."

అత్తగారు నా వైపు చూశారు, తప్పు నాదే అన్నట్టు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. పక్కింటి మోషే కొడుకు కనీసం కంబళి తెచ్చుకున్నాడు. ఎదురింటి వాళ్ళబ్బాయి టేపురికార్డరు తెచ్చాడు. మా ఆయన ముప్ఫయ్యేళ్ళు దాటిన మగాడు, ఎడారిలో గుడారాల్లో పడి, నీళ్ళకోసం తన్నులాడుకుని, ఎట్టకేలకు ప్రాణాలతో ఇంటికొస్తూ ఆటబొమ్మ తెచ్చారు. బియ్యం కడుగుతూ ఎంత గట్టిగా పిసికానంటే సగం నూకలైపోయాయి.

ఆ సాయంత్రం పెరట్లో నిలదీశాను.

"పెట్టెలో అది తప్ప ఇంకేం పెట్టుకోడానికి చోటు లేదాండీ?"

ఆయనకి ఎవరేమన్నా కోపం రాదు. ఆ గుణం నాకు మొదటినుంచీ నచ్చేది, తర్వాత తర్వాతే దాని సంగతి తెలిసింది. మెట్టు మీద కూర్చుని నిదానంగా చెప్పారు. ఇంజనీరుగారికి బొమ్మ విమానాలు కట్టడం పిచ్చట. శుక్రవారం సెలవు రోజుల్లో ఈయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మొదట ముక్కలు పట్టుకోమన్నారు, తర్వాత ఆకురాయితో అంచులు రాయమన్నారు, తర్వాత ఏకంగా అతికించమన్నారు. ఇరాక్ వాళ్ళు ఇళ్ళమీద పడి దోచుకుంటుంటే, ఇంకా విప్పని ఈ పెట్టె ఈయన చేతిలో పెట్టి కారు తాళం ఇచ్చి పొమ్మన్నారు.

"మీ సారు ఏమయ్యారు మరి?"

"తెలీదు."

తర్వాత అసలు సంగతి చెప్పారు. జోర్డాన్ దేశం అమ్మాన్‌లో గుడారాల దగ్గర సుందరరావుగారనే హైదరాబాదు ఆయన కలిశారట. ట్రావెల్ ఆఫీసుల్లో అద్దాల బీరువాల్లో పెడతారే, ఆ విమానాలు చేయించే వర్కుషాపు ఆయనది. పని మీద కువైట్ వెళ్ళి ఆయనా చిక్కుకుపోయారు. ఈ పెట్టె చూసి అన్నారట, ప్లాస్టిక్ ఎవరైనా అంటిస్తారు, నాక్కావలసింది ఈ ఇత్తడి ముక్కలు అతికించగల చెయ్యి, కార్తీకం వెళ్ళేసరికి ఇది పూర్తిచేసి తీసుకురా, నీ పని బాగుంటే నా దగ్గరే ఉండిపోదువుగాని అని.

"హైదరాబాదులోనాండీ?"

"హైదరాబాదులోనే. నిన్నూ పాపనీ తీసుకెళ్ళొచ్చు."

నా కోపం ఎటు పోయిందో నాకే తెలియలేదు. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరే ఊరు! పెళ్ళయినప్పటినుంచీ నేను కాపురం చేసింది ఉత్తరాలతో. ఇక ఈ విమానం పూర్తయితే ఆయన మళ్ళీ విమానం ఎక్కక్కర్లేదు. మర్నాడు పొద్దున్నే వసారాలో గాలి తగలని మూల చూసి నేనే బల్ల వేశాను.

అది ఎలాంటి పనో చూస్తేగాని తెలియదు. ఆ రేకు మీది ముక్కని బ్లేడుతో విడదీయాలి. విడదీసినచోట మిగిలిన గరుకుని ఆకురాయితో తీసేయాలి. తర్వాత వంచాల్సినచోట వంచి, కొబ్బరి ఈనె కొసతో జిగురు తాకించి, చిన్న పట్టకారుతో పట్టుకుని ఊపిరి బిగబట్టి పెట్టాలి. జిగురు ఎక్కువైతే ప్లాస్టిక్ పాడవుతుంది, తక్కువైతే ముక్క ఊడుతుంది. ఇంజన్ల లోపలి రెక్కల చక్రాలు, చక్రాల గది తలుపులు, వీపు మీది కడ్డీలు, అద్దం ముందు తుడిచే పుల్లలు, ప్రయాణికులు దిగే మెట్లు, మెట్లకి అటూ ఇటూ కమ్మీలు. కమ్మీలైతే తలవెంట్రుకంత ఉన్నాయి.

దసరా వెళ్ళిన కొత్తలో ఒకరోజు, ఆయన పట్టకారులోంచి ఒక ముక్క చటుక్కున ఎగిరిపోయింది.

"ఎవరూ కదలకండి!" అని ఆయన అరిచారు. ఆయన అరవగా నేను విన్నది అదే మొదటిసారి. ముగ్గు పెడుతున్న అనురాధక్క అలాగే వంగుని ఉండిపోయింది. ఆయన నేలమీద బోర్లా పడుకుని చెంప గచ్చుకి ఆనించి వెతకడం మొదలెట్టారు. నేనూ మోకాళ్ళమీద వెతికాను. చాప దులిపాం, చీపురు పుల్లలు విడదీసి చూశాం. పొద్దు ఎక్కేదాకా వెతికితే చివరికి అత్తగారి కాళ్ళ దగ్గర, గడప పగుల్లో తళుక్కుమంది. ఆవగింజలో సగం ఉంటుంది. ఆయన వేలు తడిచేసి దాన్ని అద్దుకుని, అరచేతిలో దాచి, ఊపిరి పీల్చుకున్నారు. రేకుని గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశారు.

అత్తగారు ఇదంతా కళ్ళార్పకుండా చూశారు. అప్పుడు నాకేం అనిపించలేదు.

ఆ రోజునుంచి నేనూ పనిలో కూర్చున్నాను. మా పుట్టిల్లు రాజోలు దగ్గర. మా వైపు ఆడపిల్లలకి పలక కంటే ముందు లేసు సూది చేతికొస్తుంది. ఊరంతా అరుగుల మీద కూర్చుని లేసు అల్లుతుంది. ఆ కొక్కెం సూదితో నేను ఒక కమ్మీ వంచి చూపిస్తే ఆయన పట్టకారు కింద పెట్టేశారు.

"ఇదెలా వచ్చింది నీకు?"

"దారమైతే తెగుతుందండి, ఇది తెగదు కూడానూ. దీనికంటే లేసే కష్టం."

"అయితే వంచేవన్నీ నువ్వే వంచు. అతికించేవి నేను చూసుకుంటా."

అలా వంచడం నాదీ అతికించడం ఆయనదీ అయింది. పొద్దున్న వంటయ్యాక కూర్చుంటే ఎండ వాలేదాకా. లావణ్య పక్కన చేరి, "ఇక్కడ ఎవరు కూర్చుంటారండీ? ఇక్కడ?" అని కిటికీ కిటికీకీ అడిగేది. ఇక్కడ నువ్వు, ఇక్కడ అమ్మ, అని ఆయన చెప్పేవారు. మీరెక్కడండీ అని అడిగితే, నేను తోలుతా కదా అన్నారు. దీపావళి నాటికి తెల్లరంగు ఎక్కింది. ఎడమవైపు ఇంజన్లో రెక్కల చక్రం కూర్చుంది. గోరంత జాగాలో అన్ని రెక్కలూ దేనికది విడిగా కనిపిస్తుంటే, నాకు పిచ్చి సంతోషం వేసి ఆయన భుజం మీద ఒక్కటి కొట్టాను. కుడి ఇంజనూ తలుపులూ మెట్లూ రేకు మీదే ఉన్నాయి. మెట్లు ఆఖర్న చేద్దామని ఆయనే అట్టే పెట్టారు.

ఈలోగా ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. కువైట్ నుంచి వచ్చినవాళ్ళ గురించి ఆ రోజుల్లో ఎన్ని కథలని! ఒకడు పౌడరు డబ్బాలో బంగారం తెచ్చాడట, ఒకడు బెల్టు బిళ్ళ బంగారంతో చేయించుకుని పైన రంగు వేయించాడట. చూసినవాడు ఒక్కడూ లేడు, చెప్పనివాడూ లేడు. ఒకరోజు బావగారు బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"శివా, నిజం చెప్పు. ఈ రేకేంటి?"

"ఇత్తడి అన్నయ్యా."

"ఇత్తడికి తాళం ఎందుకురా?"

"ముక్కలు పోతే మళ్ళీ దొరకవన్నయ్యా. మన దేశంలో అమ్మరు."

"అలాగా," అని నవ్వి వెళ్ళిపోయారు. అదేం నవ్వో అప్పుడే గ్రహించి ఉంటే బాగుండేది. ఇత్తడి అని మా ఆయన నిజం చెప్పారు, అదే కొంప ముంచింది. అబద్ధమాడి బంగారం అని ఉంటే, నలుగురిలో పెట్టి పంచమని బావగారు గొడవ చేసేవారేమో గాని, చాటుగా మాత్రం తీసేవారు కాదు.

కార్తీకమాసం మూడో ఆదివారం సాయంత్రం అత్తగారు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. పెళ్ళయినప్పటినుంచీ ఆవిడ నన్ను అలా కూర్చోబెట్టుకోలేదు.

"అమ్మాయ్, వాడు చచ్చి బతికొచ్చేడు. రేపు సోమారం ఇద్దరూ ద్రాక్షారామం వెళ్ళి స్వామికి అభిషేకం చేయించుకు రండి. పాపని మేం చూసుకుంటాం."

"పని ఉందండి అత్తయ్యగారూ. ఇంకా మెట్లు..."

"పని ఎక్కడికీ పోదమ్మా. దేవుడి దగ్గరికి వెళ్ళమంటే కాదనకూడదు."

ఆవిడే పూలు కట్టారు. ఆవిడే పులిహోర చేసి డబ్బాలో పెట్టారు. చీకటితో లేచి మేం ముక్తేశ్వరం వెళ్ళి, పంటు మీద గోదావరి దాటి, కోటిపల్లి రేవులో మునిగి, ద్రాక్షారామం చేరాం. భీమేశ్వరుడి ముందు నిలబడి నేను ఏం మొక్కుకున్నానో చెప్పనా? ఈ విమానం చక్కగా పూర్తవ్వాలని మొక్కుకున్నాను. ఆ సమయానికి మా బావగారు మా ట్రంకుపెట్టె తాళం తీస్తున్నారు. తాళంచెవి దేవుడి పటం వెనక మేకుకి ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పులిహోర ఎంతో రుచిగా ఉందని మా ఆయనకి రెండోసారి వడ్డించాను కూడా.

దీపాలవేళకి ఇంటికొచ్చాం. వసారాలో బావగారు కుర్చీలో బిగుసుకుని కూర్చున్నారు. అత్తగారు గోడవైపు తిరిగి వత్తులు చేస్తున్నారు. అనురాధక్క నా కళ్ళలోకి చూడకుండా లావణ్యని ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. మా బల్ల మీద విమానం పక్కన ఒక తమలపాకు, ఆ ఆకులో శనగగింజంత పసుపుపచ్చటి ముద్ద ఉన్నాయి.

"ఇదుగో నీ బంగారం," అన్నారు బావగారు. "కంసాలి నారాయణమూర్తి దగ్గర, నలుగురి ముందూ నా పరువు తీసేవు కదరా! ఇత్తడి అని ముందే చెప్పొచ్చు కదా!"

"చెప్పేను కదన్నయ్యా."

"చెప్పేవు! చెప్పే తీరులో చెప్పేవా? తాళాలు వెయ్యడం, నేల నాకడం! ఎవరైనా ఏవనుకుంటారు? ఇత్తడిని దాచుకునేవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు!"

తప్పు చేసినవాడు ఇలా గొంతు పెంచడం నేను చూడడం అదే మొదలు. మా ఆయన ఆ ముద్దని తీసి వేళ్ళ మధ్య దొర్లించారు. అటూ ఇటూ తిప్పి చూశారు.

"రేకంతా కొలిమిలో వేసేరా అన్నయ్యా?"

"అంతా వేసేం."

"మెట్లు కూడానా?"

"ఏ మెట్లో నాకేం తెలుసురా? అన్నీ వేసేం."

"ఆయ్," అన్నారు మా ఆయన.

అంతే. ఆ ఒక్క మాట అని, ముద్దని మళ్ళీ ఆకులో పెట్టి, కాళ్ళు కడుక్కోడానికి నూతి దగ్గరికి వెళ్ళిపోయారు. చేద నూతిలో పడిన చప్పుడు వినిపించింది. ఆయన పడాల్సిన కోపం కూడా నేనే పడాల్సి వచ్చింది.

అంతవరకూ నేను బావగారి ఎదుట నిలబడి మాట్లాడిన మనిషిని కాను. ఆరోజు చెప్పులైనా విప్పకుండా వసారా మధ్యలో నిలబడ్డాను.

"బావగారూ, ఒక్క మాట అడుగుతాను, చెప్పండి. ఒకవేళ ఇది బంగారమే అయ్యుంటే, మేం వచ్చేసరికి ఈ ముద్ద ఈ బల్ల మీద ఉండేదాండీ?"

ఆయన కుర్చీలోంచి లేచి చెప్పులు వెతుక్కున్నారు.

"మగవాళ్ళ మాటల్లో నువ్వెందుకమ్మాయ్," అన్నారు అత్తగారు గోడతో.

"మీరు వెళ్ళేరు కదండీ ఆ మాటల్లోకి! పూలు కట్టి మరీ పంపించేరు. దేవుడి పేరు చెప్పి కన్నకొడుకుని ఏరు దాటించి, ఆయన పెట్టె తీయించేరు. అభిషేకం ఎవరికోసం చేయించుకు రమ్మన్నారండీ? మాకోసమా, తాళంకోసమా?"

"ఏదో ఇంటికి పనికొస్తుందనుకున్నాంగాని, మేవేవన్నా తినేశామా?" అని ఆవిడ ఏడుపు మొదలెట్టారు. ఏడ్వడం ఆవిడకి చేతనవును. నాకు రాదు. ఆకులోంచి ముద్ద తీసి కొంగున ముడివేసుకున్నాను. మర్నాటినుంచి వెనక పంచలో నా పొయ్యి వేరు. ఆ ఇంట్లో రెండో పొయ్యి వెలగడం అదే మొదలు.

ఆయన మాత్రం, "పోనీలే భవానీ, అమ్మకి తెలీదు కదా," అన్నారు. ఆ మాటకి ఆయన మీద వచ్చినంత కోపం వాళ్ళిద్దరి మీదా రాలేదు.

కార్తీకం ఇంకా మిగిలే ఉంది. ఊరుకోలేక కొత్త టూత్‌పేస్టు గొట్టం తెచ్చి, పేస్టంతా గిన్నెలోకి పిండేసి, గొట్టాన్ని కోసి చదును చేశాను. మెత్తటి రేకు కదా, కత్తెరకి తెగుతుంది. దాంతో మెట్లు వంచాను. కమ్మీల కోసం పాత కరెంటు తీగలోంచి సన్నటి పోగు లాగాను. తలుపులు ఆయన కోశారు. కుడి ఇంజన్లో రెక్కలు కోయడం మాత్రం మా ఇద్దరివల్లా కాలేదు. కోసిన ప్రతిసారీ నలిగిపోయేది. గొట్టాలు అయిపోయాయిగాని ఒక్క చక్రమైనా నిలవలేదు. ఆఖరికి గుండ్రటి బిళ్ళ ఒకటి పెట్టి, దాని మీద గీతలు గీశారు. దూరంనుంచి చూస్తే తేడా తెలియదు. కాని ఆ విమానాన్ని చూడబోయేది దూరంనుంచి కాదు.

ఆయన దాన్ని దూదిలో పెట్టుకుని హైదరాబాదు వెళ్ళారు. రెండోరోజుకే తిరిగొచ్చేశారు. సుందరరావుగారు మంచాయనే, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారట. భూతద్దం పెట్టి ఎడమ ఇంజను చూసి, ఇది నువ్వే పెట్టావా అని మెచ్చుకున్నారట. కుడి ఇంజను చూసి భూతద్దం దించేశారట. మిగతా ముక్కలేవయ్యా అంటే, పోయాయండి అన్నారట ఈయన. దాచుకోలేనివాడికి అంత సన్నపని ఎలా అప్పజెప్పను, ఇంకో రేకు దొరికితే రా అన్నారట ఆయన.

"పోయాయన్నారా? పోయాయా? అన్నగారు కరిగించేశారని చెప్పలేకపోయారా?"

"ఇంట్లో సంగతి బయటివాళ్ళకి ఎలా చెప్తాం భవానీ?"

ఆ మరుసటి ఏడు, యుద్ధం అయిపోయి కువైట్ తలుపులు తెరవగానే, ఆయన మళ్ళీ వెళ్ళిపోయారు. కొత్తపేట బస్టాండులో లావణ్య ఆయన చొక్కా పట్టుకుని, "మళ్ళీ ఎప్పుడొస్తారండీ?" అని అడిగింది. అండీ మాత్రం మానలేదు. ఆ విమానం ఇప్పుడు మా అత్తగారి టీవీ మీద ఉంది. ఎవరొచ్చినా, మా చిన్నాడు చేసేడండి అని చూపిస్తారు, ఎడమవైపు ముందుకి తిప్పి.

కాని అదంతా తర్వాతి మాట. ఆయన హైదరాబాదు నుంచి ఉత్తచేతులతో వచ్చిన మర్నాడే నేను కొంగున ముద్ద కట్టుకుని నారాయణమూర్తిగారి కొట్టుకి వెళ్ళాను. మా ఊళ్ళో బంగారప్పని ఆయనే చేస్తారు. నన్ను చూడగానే ఆయన ముఖం దించుకున్నారు.

"గీటురాయి మీద గీసి చూసి, ఇత్తడేనండి అని ముందే చెప్పేనమ్మా. ఆయన వింటేనా! నవ్వేరు. 'నీకు తెలీదులే, పైన ఇత్తడి పూత పూసి తెస్తారు, లోపలంతా బంగారమే, కరిగించు' అన్నారు. మూసలో పెట్టి కొలిమి ఊదేను. కరిగేక కూడా, 'ఇంకాస్త కాగనియ్, పూత పోతుంది' అంటారు."

"దీనికి బెజ్జం వేసి పూస చేసివ్వండి."

"దేనికమ్మా?"

నేను పుస్తెలతాడు చూపించాను.

"మంగళసూత్రంలో ఇత్తడి కూడదమ్మా. వద్దు."

"మీ మూసలోదేగా. వెయ్యండి."

ఆయన బెజ్జం వేసి, అంచులు నునుపు చేసి ఇచ్చారు. ఇంటికొచ్చి నల్లపూసల మధ్య నేనే గుచ్చుకున్నాను. మా ఆయన చూసి, చేద పట్టుకుని నూతి దగ్గరికి వెళ్ళిపోయారు.

పోలి పాడ్యమినాడు తెల్లవారకముందే ఊరి ఆడవాళ్ళంతా కాలవగట్టుకి చేరాం, అరటిదొప్పల్లో దీపాలు వదలడానికి. అత్తగారు నా పక్కనే దిగారు. పొయ్యి వేరైనా నలుగురిలో కలిసి కనబడాలి కదా ఆవిడకి. నేను వంగి దొప్ప నీళ్ళలో పెడుతుంటే పైటలోంచి తాడు జారి ముందుకి వేలాడింది. చింతపండుతో తోమి మరీ వచ్చానేమో, దీపాల వెలుగు పడి ఆ పూస ధగధగలాడింది. చుట్టూ ఉన్నవాళ్ళు తలతిప్పి చూశారు.

"అదేంటమ్మాయ్ మెళ్ళో?" అన్నారు అత్తగారు. చూడగానే ఆవిడకి తెలిసిపోయింది. గొంతు తగ్గించి, "మొగుడున్నదానివి, ఇత్తడేంటమ్మా, తీసెయ్. నలుగురూ చూస్తున్నారు," అన్నారు.

నేను గొంతు తగ్గించలేదు.

"ఇత్తడి కాదండి అత్తయ్యగారూ. బావగారినడగండి, ఆయనకి తెలుసు. పైనే పూతండి. లోపలంతా బంగారమే."